సీసాల ఇంట్లో పూసిన పూలు

ఎనభై మూడేళ్ల వయసులోనూ కుంచె దించని డచ్ చిత్రకారిణి రాచెల్ రౌష్ కథ ఇది. ఒకే ఇంట పుట్టి, అదే విద్య నేర్చి, దారి మధ్యలోనే ఆగిపోయిన ఆమె చెల్లెలి కథ కూడా.

ద్రాక్ష గుత్తులు, పీచ్ పండ్లు, గోధుమ కంకులు అడవి నేల మీద ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పక్కనే పిట్టగూడు, అందులో గుడ్లు. ఆ గుడ్ల కోసం వచ్చిన తొండ ఒకటి గూటిని పట్టి చూస్తోంది. చుట్టూ సీతాకోకచిలుకలు, పురుగులు. రెండడుగుల వెడల్పు కూడా లేని చెక్క పలక మీద ఇంత లోకం ఇమిడింది. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, ఉఫీజీ గ్యాలరీలో ఉన్న ఈ బొమ్మను రాచెల్ రౌష్ 1711లో గీసింది.

అదే ఏడాది ఆమెకు పదో సంతానంగా కొడుకు పుట్టాడు. అప్పటికామెకు 47 ఏళ్లు. బిడ్డకు యాన్ విల్లెం అని పేరు పెట్టారు. రాచెల్ బొమ్మలు కొనే ప్రభువు, జర్మనీలోని పాలటినేట్ పాలకుడు యోహాన్ విల్హెల్మ్ పేరు అది. బిడ్డకు జ్ఞానస్నానపు తండ్రిగా నిలిచినవాడు కూడా ఆయనే. ఉఫీజీలో ఉన్న ఆ పండ్ల బొమ్మ ఫ్లోరెన్స్ చేరడం వెనకా ఆయనే ఉన్నాడు. ఆయన భార్య ఫ్లోరెన్స్‌ను పాలించే మెదిచీ వంశపు ఆడపడుచు. అల్లుడు మామగారికి పంపిన కానుకల్లో రాచెల్ బొమ్మలు ఉన్నాయి.

పదిమందిని కన్న తల్లి, రాజాస్థాన చిత్రకారిణి, ఆ కాలంలో ఐరోపా అంతటా ధర పలికిన పేరు. ఈ మూడూ ఒకే మనిషి. ఇదెలా సాధ్యమైందో తెలియాలంటే ఆమె పుట్టిన ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

తాత కట్టిన భవనాలు, తండ్రి నింపిన సీసాలు

రాచెల్ 1664లో హేగ్ నగరంలో పుట్టింది. తల్లి మరియా పోస్ట్. ఆమె తండ్రి పీటర్ పోస్ట్ ఆ కాలపు డచ్ దేశంలో పేరుమోసిన వాస్తుశిల్పి, చిత్రకారుడు. ఇవాళ వెర్మీర్ గీసిన ముత్యపు చెవిపోగు అమ్మాయిని చూడటానికి జనం క్యూ కట్టే మౌరిట్స్‌హౌస్ భవన నిర్మాణంలో ఆయన చెయ్యి ఉంది. ఆయన తమ్ముడు ఫ్రాన్స్ పోస్ట్ బ్రెజిల్ దాకా ఓడెక్కి వెళ్లి, అక్కడి నదులనూ చెరకు మిల్లులనూ బొమ్మలు గీసినవాడు. తల్లి వైపు చూస్తే ఇల్లంతా రంగులే.

తండ్రి వైపు ఇల్లు మరో రకం. ఫ్రెడరిక్ రౌష్ మందుల దుకాణదారుగా మొదలై, శరీరశాస్త్రవేత్తగా ప్రపంచానికి తెలిసినవాడు. రాచెల్ పసిబిడ్డగా ఉన్నప్పుడే ఆమ్‌స్టర్‌డామ్ శస్త్రవైద్యుల సంఘం ఆయన్ను శరీరశాస్త్ర బోధకుడిగా పిలిపించుకుంది. కుటుంబం హేగ్ వదిలి, బ్లూమ్‌గ్రాఖ్ అనే కాలువ ఒడ్డున కాపురం పెట్టింది. నగరంలోని మంత్రసానులకు పాఠాలు చెప్పడం కూడా ఆయన బాధ్యతే. 1685లో వృక్షశాస్త్ర ఆచార్యుడయ్యాడు. నగర ఔషధ వనం ఆయన పర్యవేక్షణలోకి వచ్చింది.

ఫ్రెడరిక్‌కు చావును ఆపడం రాదు గానీ, చనిపోయిన దేహం రంగు పోకుండా చేయడం వచ్చు. రక్తనాళాల్లోకి రంగు కలిపిన మైనపు ద్రవం ఎక్కించేవాడు. సన్నని నాళాల దాకా అది పాకేది. బుగ్గ ఎర్రగానే ఉండేది, చర్మం మెత్తగానే కనిపించేది. అలా నిలబెట్టిన శిశువుల దేహాలు, చేతులు, అవయవాలు గాజు సీసాల్లో, ద్రావణంలో తేలుతూ ఇంటి నిండా ఉండేవి. వాటి పక్కనే ఎండబెట్టిన మొక్కలు, చిప్పలు, పాములు, సీతాకోకచిలుకలు. చిన్న అస్థిపంజరాలను రాళ్ల గుట్టల మీద నిలబెట్టి, వాటి చేతికి కన్నీళ్లు తుడుచుకునే రుమాలులాంటి పలచని పొర ఒకటి ఇచ్చేవాడు. బతుకు ఎంత అల్పమో చూసేవాళ్లకు గుర్తుచేయడం ఆయన ఉద్దేశం. కోసిన చోటు వికారంగా కనిపించకుండా లేసు అల్లికలతో అలంకరించేవారు. ఆ పనిలో పెద్ద కూతురు రాచెల్ చెయ్యి ఉందని చరిత్రకారులు చెబుతూ వచ్చారు.

డబ్బు కట్టి ఆ సేకరణ చూడటానికి దేశదేశాల నుంచి వచ్చేవారు. రష్యా చక్రవర్తి పీటర్ కూడా వచ్చాడు. ఆయన రెండో రాకలో, 1717లో, ఆ సేకరణనంతా 30,000 డచ్ గిల్డర్లకు కొని ఓడలకెక్కించుకుపోయాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని కున్స్ట్‌కామెరా మ్యూజియంలో అందులో వందల నమూనాలు ఇప్పటికీ ఉన్నాయి. మూడు వందల ఏళ్ల నాటి పసిబిడ్డ ముఖం ఇవాళ్టికీ నిద్రపోతున్నట్టే ఉంటుంది.

రాచెల్ పెరిగిన ఇల్లు ఇది. పువ్వు అందం గురించి కవితలు చెప్పుకునే ఇల్లు కాదు. పువ్వును కోసి, విప్పి, రేకులు లెక్కపెట్టి, పేరు రాసిపెట్టే ఇల్లు. ఒక పురుగుకు కాళ్లెన్ని, రెక్క మీద గీతలు ఎటు వాలతాయి, వాడే ముందు గులాబీ ఏ అంచు నుంచి నల్లబడుతుంది అన్న చూపు ఆమెకు పాఠంగా రాలేదు. చిన్నప్పుడే కంటికి అలవాటైపోయింది. ఆమె బొమ్మల ముందు నిలబడి వృక్షశాస్త్రజ్ఞులు ఇవాళ కూడా జాతి పేర్లు చెప్పగలుగుతున్నారంటే కారణం అదే.

తలుపు తీసిన గురువు

అమెరికన్ కళాచరిత్రకారిణి లిండా నాక్లిన్ 1971లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఒక మాట తేల్చి చెప్పింది: పాతకాలపు చిత్రకారిణులు దాదాపు అందరూ చిత్రకారుల కూతుళ్లే, లేదా ఎవరో ఒక చిత్రకారుడికి దగ్గరివాళ్లే. నిజమే మరి. మిలాన్‌లో పండ్ల బొమ్మలు గీసిన ఫెదె గలీత్సియాకు తండ్రి నూంత్సియో గురువు. పారిస్‌లో లూయీజ్ మొయ్యోఁ తండ్రీ సవతి తండ్రీ చిత్రకారులు. మగపిల్లలు చిన్నవయసులోనే గురువు ఇంట్లో చేరి పని నేర్చుకునేవారు. నగ్నంగా నిలబడ్డ మనిషిని చూసి గీయడం చదువులో ముఖ్యభాగం. ఆడపిల్లకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. మనిషి దేహం గీయడం రాకపోతే పురాణ కథలు, యుద్ధాలు, దేవాలయ చిత్రాలు గీయలేరు. ఇంట్లో బల్ల మీద దొరికేవి మిగిలాయి: పండు, పువ్వు, గిన్నె, గాజు గ్లాసు.

అలా మిగిలిన వాటికి విలువ కూడా తక్కువే కట్టారు. చిత్రకారుడు సామ్యూల్ వాన్ హోగ్‌స్ట్రాటెన్ 1678లో అచ్చువేసిన గ్రంథంలో ఇలా పండ్లు, పూలు, గిన్నెల బొమ్మలు (స్టిల్ లైఫ్) గీసేవాళ్లను కళా సైన్యంలో మామూలు సిపాయిలుగా జమకట్టాడు. ఆ మరుసటి ఏడాదే పదిహేనేళ్ల రాచెల్‌ను తండ్రి ఒక గురువు దగ్గర చేర్పించాడు. గురువు పేరు విల్లెం వాన్ ఆల్స్ట్. ఫ్లోరెన్స్‌లో మెదిచీల కొలువులో పనిచేసి వచ్చినవాడు, నగరంలోకెల్లా ఖరీదైన పూల చిత్రకారుడు.

వాన్ ఆల్స్ట్ పూలగుత్తిని ఒక పక్కకు ఒరగనిచ్చాడు. అప్పటిదాకా చిత్రకారులు కుండీలో పూలను అటూ ఇటూ సమంగా, ప్రతి పువ్వూ ముఖం చూపేలా అమర్చేవారు. ఆయన ఒక కాడను కిందికి వేలాడనిచ్చి, ఒక పువ్వును వీపు తిప్పి పెట్టి, గుత్తిలోకి కదలిక తెచ్చాడు. రాచెల్ ఆ ఒరపును అందుకుని ముందుకు తీసుకెళ్లింది. ఆమె బొమ్మలో చూపు కింద మూల నుంచి మెలిక తిరుగుతూ పై మూలకు ఎక్కుతుంది. మరో పాఠం ఆమె ఒట్టో మార్సేయస్ వాన్ స్క్రీక్ బొమ్మల నుంచి తీసుకుంది. అడవి నేలను, పుట్టగొడుగులను, పాములను, కప్పలను చీకట్లో మెరిసేలా గీసే పద్ధతి ఆయనది. నిజమైన సీతాకోకచిలుక రెక్కలను తడి రంగు మీద అద్ది, ఆ రెక్కల పొడినే బొమ్మలో నిలిపేవాడాయన. తొండలతో సాలీళ్లతో ఇంట్లోనే సావాసం ఉన్న పిల్లకు ఆ బొమ్మలు నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ రోజుల్లో కుంచె పట్టిన స్త్రీలు ఇంకా ఉన్నారు. మరియా వాన్ ఓస్టర్‌వైక్ అనే చిత్రకారిణి పెళ్లి చేసుకోకుండా పూలు గీస్తూ బతికింది. ఐరోపా రాజులు ఆమె బొమ్మలు కొన్నారు. రంగులు నూరిపెట్టే తన పనమ్మాయి హేర్‌ట్యె పీటర్స్‌కు కూడా ఆమె చిత్రకళ నేర్పింది. ఆ అమ్మాయి సంతకంతో ఉన్న పూల బొమ్మ కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉంది. చిత్రకారుల ఇంట పుట్టకుండా, ఇంకొకరి ఇంట పనికి కుదిరి చిత్రకారిణి అయినవాళ్లు ఇలా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. అందుకే ఆ పేరు ఇక్కడ రాయకుండా ముందుకు పోలేకపోయాను.

చెల్లెలు ఆనా

రాచెల్ కన్నా రెండేళ్లు చిన్నది ఆనా. అదే ఇల్లు, అదే తండ్రి, అవే సీసాలు, అవే పూలు. కుంచె కూడా పట్టింది. ఆమె గీసిన పండ్లు, పూలు, అడవి నేలలు చూస్తే అక్క చేతికీ చెల్లెలి చేతికీ తేడా కనిపెట్టడం నిపుణులకే కష్టం. 1680లలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే రకం బొమ్మలు గీస్తూ, ఒకే మూలచిత్రాలను చూసి సాధన చేస్తూ కనిపిస్తారు.

తర్వాత ఆనా ఒక రంగుల వ్యాపారిని పెళ్లాడింది. రంగులమ్మే ఇంట్లో చిత్రకారిణికి కొరత ఉండకూడదు. కానీ పెళ్లి తర్వాత ఆమె బొమ్మలు దాదాపుగా కనిపించవు. 1754 దాకా, అంటే అక్క పోయిన నాలుగేళ్ల వరకు బతికింది. ఆమె సంతకంతో మనకు దొరికినవి మాత్రం కొద్ది బొమ్మలే. సంతకం లేనివి చాలాకాలం అక్క పేరు మీద చలామణి అయ్యాయి.

రాచెల్ గురించి రాసేవాళ్లు ఆనాను ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఈ కథలో అసలు ప్రశ్న ఆమె దగ్గరే మొదలవుతుంది. కళాకారుల ఇంట పుట్టడం వల్ల తలుపు తెరుచుకుంటుంది. నాక్లిన్ చెప్పింది అంతవరకు నిజమే. కానీ ఆ తలుపు ఇద్దరికీ తెరుచుకుంది. ఒకరు డెబ్బై ఏళ్లకు దగ్గరగా నడిచారు, ఒకరు పదేళ్లు నిండకుండానే ఆగారు. ప్రతిభలో తేడా ఉందని బొమ్మలు చూసి చెప్పడం కష్టం. తేడా పెళ్లి తర్వాతి జీవితంలో ఉంది.

ఒక్కసారీ కలిసి పూయని పూలు

రాచెల్ బొమ్మ ముందు నిలబడితే మొదట కనిపించేది చీకటి. ఆ చీకట్లోంచి ఒక పక్కగా వెలుగు పడి, మధ్యలో లేత రంగు గులాబీలు, పియోనీలు ముందుకు వస్తాయి. చుట్టూ ముదురు రంగులు వెనక్కి జరుగుతాయి. ఇంకాస్త దగ్గరికి వెళితే ఆకు మీద గొంగళిపురుగు, కాడ మీద చీమ, రేకు అంచున నీటి బొట్టు, పురుగు తిని వదిలిన చిల్లు. ఆకు వెనక భాగం ఎలా ఉంటుందో కూడా చూపిస్తుంది. ఎండిన కాడ ఎక్కడ విరిగిందో చూపిస్తుంది.

ఆ గుత్తి నిజానికి ఏ ఇంట్లోనూ ఉండటానికి వీల్లేదు. వసంతంలో పూసే తులిప్, వేసవి గులాబీ, ఆ తర్వాత వచ్చే కంకులు ఒకే కుండీలో కలవవు. పువ్వు దొరికినప్పుడు చూసి నమూనా గీసి పెట్టుకోవాలి, లేదా ఏడాది ఆగాలి. ఒక్కో బొమ్మ నెలల తరబడి సాగేది. ముందు మందమైన రంగులతో ఆకారం నిలబెట్టేవారు. అది ఆరాక పలచని నూనె రంగు పొరలు ఒకదాని మీద ఒకటి వేసేవారు. కింది పొర పై పొరలోంచి కనిపించడం వల్లే రేకుకు ఆ లోతు, ఆ తడి. ఆరకముందు తొందరపడితే పగుళ్లొస్తాయి. ఇన్ని పొరలు తట్టుకున్న బొమ్మల్లోనూ కాలం తన పని చేసింది. ఆ కాలపు డచ్ పూల చిత్రాల్లో ఆకులు చాలాచోట్ల నీలంగా కనిపిస్తాయి. మొక్కల నుంచి తీసిన పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోయి, ఆకుపచ్చలో నీలం ఒక్కటే మిగలడమే దానికి కారణం.

పది మంది పిల్లల మధ్య ఈ పని జరిగిందన్నది గుర్తుంచుకుని చూస్తే ఆ నీటి బొట్టు విలువ ఇంకా తెలుస్తుంది.

ఉమ్మెత్త దాకా వచ్చిన ఓడలు

ఆమె బొమ్మల్లో ఒకటి తెలుగువాళ్లను ప్రత్యేకంగా ఆపుతుంది. నీలి గాజు కుండీలో హనీసకుల్ తీగ, అత్తి కొమ్మ, కాక్టస్, వాటి మధ్య తెల్లని బూరలాంటి పువ్వు. మనం ఉమ్మెత్త అని పిలిచే జాతి. చెరువు గట్ల మీద, పాడుబడ్డ గోడల పక్కన మొలిచే విషపు మొక్క. వినాయక చవితి పత్రిలో దాని ఆకు మన చేతికి వస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అది అద్దాల ఇంట్లో కాపాడుకునే అపురూపం. రాచెల్ దాన్ని గులాబీ స్థాయికి లేపి, గుత్తిలోకి తెచ్చింది. పూలంటే తులిప్పులు, గులాబీలే అనుకునే తోటి చిత్రకారులకూ ఆమెకూ ఇక్కడే తేడా. ఔషధ వనంలో తండ్రికున్న అధికారం వల్ల కొత్త మొక్క ఓడ దిగిన కొన్నాళ్లకే ఆమె దాన్ని చూడగలిగేది.

ఆ వనంలోని మొక్కలను నీటి రంగుల్లో నమోదు చేసిన మోనింక్స్ అట్లాస్‌లో 420 చిత్రాలున్నాయి. గీసినవాళ్లలో మరియా మోనింక్స్, అలీడా విథోస్ ఉన్నారు. ఇద్దరూ చిత్రకారుల కుటుంబాలవాళ్లే. పురుగుల జీవితాన్ని గీయడానికి 1699లో దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు ఓడెక్కిన మరియా సిబిలా మేరియన్ అదే నగరంలో ఉండేది. ఆమె తన 1705 నాటి పుస్తకపు ముందుమాటలో ఫ్రెడరిక్ రౌష్ సేకరణను చూశానని రాసుకుంది. ఇన్ని చేతులు ఒకే చోట, ఒకే తరంలో మొక్కలను గీస్తూ ఉన్నాయి.

అయితే ఆ మొక్కలు వచ్చిన ఓడలు పూలు మాత్రమే మోయలేదు. డచ్ ఈస్టిండియా కంపెనీ 1605లోనే మచిలీపట్నంలో అడుగుపెట్టింది. పాలకొల్లు, భీమునిపట్నం, ఖమ్మం వైపు నాగులవంచ దాకా దాని కోఠీలు ఉండేవి. కలంకారీ అద్దకపు బట్టలు, నేత వస్త్రాలు, నీలిమందు మన తీరం నుంచి వెళ్లాయి. భీమిలిలో డచ్ సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి. కోరమండల్ తీరం నుంచి కరువు కాలాల్లో మనుషులను కూడా బానిసలుగా కొని బటేవియాకు, అంటే నేటి జకార్తాకు తరలించింది ఆ కంపెనీయే. అట్లాంటిక్ వైపు సూరినామ్ తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు పనిచేశారు. అక్కడి అడవుల నుంచి మొక్కలు, పురుగులు ఏరి తెచ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. రాచెల్ పూలకుండీ మెరుపు వెనక ఈ సంపద ఉంది. ఆమెను ప్రేమించి చూసేవాళ్లు దీన్ని కూడా చూడాల్సిందే. మచిలీపట్నం పేరు ఆ కంపెనీ లెక్కల పుస్తకాల్లో ఉన్న మనకు అది మరీ అవసరం.

పెళ్లి, సంఘం, కొలువు

1693లో రాచెల్ 29 ఏళ్ల వయసులో యూరియాన్ పోల్‌ను పెళ్లాడింది. ఆమ్‌స్టర్‌డామ్ అనాథాశ్రమంలో పెరిగి, మనుషుల ముఖచిత్రాలు గీయడం నేర్చిన చిత్రకారుడతను. ఆ కాలానికి 29 ఆలస్యమే. అప్పటికే ఆమెకు పేరుంది, గిరాకీ ఉంది. పెళ్లికి ముందు ఏడాది మైఖీల్ వాన్ ముస్కర్ అనే చిత్రకారుడు ఆమెను పని చేసుకుంటుండగా గీశాడు. పక్కన పూలున్నాయి. ఆ పూలు గీసింది ఆమేనని నిపుణులు తేల్చారు. తన ముఖం మరొకరు గీసినా, తన పని తానే చేసుకుంది. ఆ బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

పోల్ గురించి మనకు తెలిసింది తక్కువ. తెలిసినంతలో ఒకటి మాత్రం స్పష్టం. భార్య తనకన్నా పెద్ద చిత్రకారిణి అన్న విషయం ఆ ఇంట్లో దాచుకోవాల్సిన సంగతి కాలేదు. పెళ్లయ్యాక కూడా ఆమె పుట్టింటి పేరుతోనే సంతకం చేసింది. ఆ పేరుకు మార్కెట్లో విలువ ఉంది, దాన్ని వదులుకోలేదు. 1701లో హేగ్ చిత్రకారుల సంఘం కాన్‌ఫ్రేరీ పిక్చురాలో భార్యాభర్తలిద్దరూ చేరారు. ఆ సంఘంలో సభ్యత్వం పొందిన తొలి స్త్రీ ఆమే.

1708లో యోహాన్ విల్హెల్మ్ కొలువు నుంచి పిలుపు వచ్చింది. ఆయన రాజధాని డ్యూసెల్‌డార్ఫ్. కొలువుకు ఒప్పుకున్న చిత్రకారులు మామూలుగా రాజు దగ్గరికి వెళ్లాలి. రాచెల్ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉండి బొమ్మలు పంపేలా ఒప్పందం కుదిరింది. పిల్లలు, ఇల్లు, పక్కనే తండ్రి ఔషధ వనం, ఓడరేవు, మొక్కలు. ఇవన్నీ ఉన్న చోటనే ఉండి రాజుకు పనిచేయడం ఆమె సాధించిన వాటిలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. పట్టుబట్టి అడిగితే తప్ప అలాంటివి దొరకవు. ఆనాకు దొరకనిది ఇదే: ఇంటిని వదలకుండానే పనిని నిలబెట్టుకునే ఏర్పాటు.

ఆమె బొమ్మ ఒక్కొక్కటి 750 నుంచి 1,200 గిల్డర్ల దాకా పలికింది. పనితెలిసిన చేతివృత్తివాడు ఏడాదంతా కష్టపడితే సుమారు 300 గిల్డర్లు వచ్చే రోజులవి. రెంబ్రాంట్‌కు బతికుండగా ఒక బొమ్మకు 500 దాటి రావడం అరుదు. హోగ్‌స్ట్రాటెన్ సిపాయిలుగా జమకట్టిన వర్గంలోని స్త్రీకి సేనాపతుల జీతం ముట్టింది.

1716లో పోల్ తమ ముగ్గురినీ, అంటే తననూ భార్యనూ చిన్న కొడుకునూ ఒకే బొమ్మలో గీశాడు. ప్రభువు పేరు పెట్టుకున్న ఆ బాలుడి కోసం ప్రభువు ఇచ్చిన పతకం కూడా అందులో కనిపిస్తుంది. బొమ్మ చేరేలోపే ప్రభువు కన్నుమూశాడు. ఆ ఏడాది జూన్‌తో కొలువు ముగిసింది. బొమ్మ ఇవాళ డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియంలో ఉంది.

లాటరీ తగిలాక

కొలువు పోయిన ఏడేళ్లకు, 1723లో, రౌష్-పోల్ కుటుంబానికి డచ్ లాటరీలో పెద్ద మొత్తం తగిలింది. ఇక డబ్బు కోసం గీయాల్సిన అవసరం లేకపోయింది. ఆ తర్వాత బొమ్మల సంఖ్య తగ్గింది. ఆ తగ్గుదలను విశ్రాంతి అనుకోవడం సులువే. కానీ ఆమె మానేయలేదు. ఎనభై దాటాక మళ్లీ కుంచె చేతపట్టి చిన్న చిన్న పూల బొమ్మలు గీసింది. 1747లో గీసిన వాటి మీద తన వయసు 83 అని కూడా రాసుకుంది. వాటిలో పాత చీకటి లేదు. వెనక వెలుతురు వచ్చింది, గుత్తి చిన్నదయింది, చెయ్యి మాత్రం వణకలేదు. వయసు రాసుకోవడంలో ఆమె గర్వం ఉంది. ఆ గర్వానికి ఆమె పూర్తిగా అర్హురాలు.

ఆ రోజుల్లోనే జీవితచరిత్రకారుడు యోహాన్ వాన్ గూల్ ఆమెను కలిసి వివరాలు సేకరించాడు. ఆమె గురించి మనకు తెలిసినవి చాలావరకు ఆయన పుస్తకం చలవే. పుస్తకం 1750లో వచ్చింది. ఆమె అదే ఏడాది 86 ఏళ్ల వయసులో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూసింది. పదకొండు మంది కవులు ఆమెను కీర్తిస్తూ రాసిన పద్యాల సంపుటి కూడా ఆ ఏడాదే అచ్చయింది. డచ్ దేశంలో చిత్రకారులకు అంత గౌరవం దక్కడం అరుదు.

గోడ మీదికి మళ్లీ

ఆమె పేరు ఆ తర్వాత పూర్తిగా చెరిగిపోలేదు. వేలంపాటల్లో ధర పలుకుతూనే వచ్చింది. చెరిగిపోయింది చోటు. కళాచరిత్ర పెద్ద పుస్తకాలు రాసినవాళ్లు రెంబ్రాంట్, వెర్మీర్, హాల్స్ దగ్గర ఆగి, పూల బొమ్మలను గోడల అలంకారంగా పక్కన పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో రెంబ్రాంట్ 'నైట్ వాచ్'కు దారితీసే గౌరవ గ్యాలరీలో స్త్రీలు గీసిన బొమ్మలు శాశ్వతంగా చోటు చేసుకోవడానికి 2021 మార్చి 8 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు వేలాడదీసిన వాటిలో యూడిత్ లేస్టర్, గెసీనా టెర్ బోర్గ్ చిత్రాలతో పాటు రాచెల్ పూలూ ఉన్నాయి.

ప్రధానంగా ఆమె మీదే ఏర్పాటైన తొలి పెద్ద ప్రదర్శన 2024 నవంబరులో జర్మనీలోని మ్యూనిక్‌లో, ఆల్టె పినకొథెక్ మ్యూజియంలో మొదలైంది. అక్కడే మొదలవడానికి కారణముంది. యోహాన్ విల్హెల్మ్ సేకరించిన డ్యూసెల్‌డార్ఫ్ చిత్రాలు 19వ శతాబ్దం మొదట్లో మ్యూనిక్‌కు తరలిపోయాయి. వాటితో పాటు ఆమె బొమ్మలూ వెళ్లాయి. ప్రదర్శన తర్వాత అమెరికాలోని టొలీడోకు, 2025 ఆగస్టులో బోస్టన్‌కు సాగింది. ఉమ్మెత్త, కాక్టస్, ప్యాషన్ పువ్వు ఏ ఖండం నుంచి ఏ ఓడలో రావచ్చో వృక్షశాస్త్రజ్ఞులు కళాచరిత్రకారుల పక్కన కూర్చుని వివరించారు. బోస్టన్, టొలీడో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. ఆ మ్యూజియంలకు ఆదివారం పిల్లలను తీసుకెళ్లేవాళ్లు ఆమె బొమ్మ కనిపిస్తే దాని ముందు ఇంకాస్త సేపు నిలబడితే బాగుంటుంది. ఆకు మీద చీమను వెతకమంటే పిల్లలు పెద్దలకన్నా ముందే పట్టుకుంటారు.

ఆ ప్రదర్శనలో మరో మంచి పని జరిగింది. ఆనా బొమ్మలను అక్క బొమ్మల పక్కనే పెట్టారు. మ్యూజియంలలో, సొంత సేకరణల్లో 'రాచెల్ రౌష్' అన్న పలకతో ఉన్న 1680ల నాటి పండ్ల బొమ్మలనూ అడవి నేలలనూ నిపుణులు ఇప్పుడు పొరలు పొరలుగా పరీక్షిస్తున్నారు. కొన్నిటి మీద పలక మారింది. ఇంకా మారాల్సినవి ఉన్నాయి.